గుండె కండరానికి అందే రక్తాన్ని కొలవడం: స్పెక్ట్ బొమ్మ చాలా, పెట్ అంకెలు కావాలా?

నడిస్తే ఆయాసం వస్తోందనో, ఛాతీ పట్టేసినట్లు ఉంటోందనో డాక్టరు దగ్గరికి వెళ్లిన మనిషికి న్యూక్లియర్ స్కాన్ రాసి ఇచ్చినప్పుడు, ఆ పేరుతో ఒకే ఒక్క పరీక్ష ఉంటుందని ఇంటివాళ్లు అనుకోవడం సహజం. కానీ ఆ పేరు కింద రెండు వేర్వేరు పనులు ఉన్నాయి. గుండె కండరంలో ఏ భాగానికి పక్క భాగం కన్నా తక్కువ రక్తం అందుతోందో బొమ్మగా చూపడం మొదటిది; ఇది స్పెక్ట్ అనే స్కాన్ పని. ఒక్కో గ్రాము కండరానికి నిమిషానికి ఎన్ని మిల్లీలీటర్ల రక్తం చేరుతోందో లెక్కగట్టి అంకెగా చెప్పడం రెండోది; ఇది ముఖ్యంగా పెట్ అనే స్కాన్ పని. బొమ్మ చాలినవారు అంకె కోసం తిప్పలు పడనవసరం లేదు; అంకె అవసరమైనవారికి బొమ్మతో సరిపెడితే మాత్రం అసలు జబ్బే కంటపడకుండా పోవచ్చు. ఈ రెంటిలో దేనిని ఎప్పుడు ఎంచుకోవాలో, అంకెనే ఎంచుకుంటే దానిని ఇచ్చే పద్ధతులలో ఏది ఎవరికి తగినదో, పరీక్ష రాసే వైద్యులనూ చేయించుకునేవారినీ ఇద్దరినీ దృష్టిలో ఉంచుకుని ఇక్కడ వివరిస్తున్నాను.

బొమ్మ ఎక్కడ తడబడుతుంది

స్పెక్ట్ పరీక్షలో టెక్నీషియం సెస్టమిబి లేదా టెట్రోఫోస్మిన్ అనే రేడియోధార్మిక మందును సిరలోకి ఎక్కిస్తారు. ఇలాంటి మందునే ట్రేసర్ అంటారు. అది రక్తంతో పాటు గుండె కండరానికి చేరి, కణాలలో నిలిచిపోతుంది. రక్తం బాగా అందిన చోట ఎక్కువగా, తక్కువ అందిన చోట తక్కువగా పేరుకుంటుంది. కెమెరా ఆ తేడాను రంగులలో చూపిస్తుంది. విశ్రాంతిలో ఒకసారి, శ్రమ కలిగించి మరొకసారి తీసిన బొమ్మలను పక్కపక్కన పెట్టి చూస్తే, శ్రమలో మాత్రమే వెలవెలబోయిన భాగానికి రక్తం తీసుకువెళ్లే ధమనిలో అడ్డు ఉందని ఊహించవచ్చు. రెండు బొమ్మలలోనూ వెలవెలబోయి ఉంటే, అక్కడ పాత గుండెపోటు మచ్చ ఉందని అర్థం చేసుకుంటారు.

ఈ పద్ధతిలో ఒక మెలిక ఉంది. ఆ రంగులన్నీ ఆ గుండెలోనే అన్నిటికన్నా ఎక్కువ వెలుగుతున్న భాగాన్ని నూరు శాతంగా తీసుకుని, మిగతా భాగాలను దానితో పోల్చి వేసినవి. ఆ నూరు శాతం భాగం నిజంగా ఆరోగ్యంగా ఉంటే పోలిక సరిగానే ఉంటుంది. మూడు ప్రధాన ధమనులలోనూ సుమారుగా ఒకే స్థాయి అడ్డులు ఉన్న రోగిలో మాత్రం, అన్ని భాగాలూ కలిసి ఒకేలా తగ్గుతాయి కనుక, ఏ భాగమూ పక్కదాని కన్నా తక్కువగా కనిపించదు. బొమ్మ అంతటా సమంగా, చూడముచ్చటగా వస్తుంది, నివేదికలో ‘సాధారణం’ అని పడుతుంది. వైద్య పరిభాషలో దీనిని బ్యాలెన్స్‌డ్ ఇస్కీమియా అంటారు. ప్రమాదం అందరికన్నా ఎక్కువగా ఉన్న రోగి విషయంలోనే పరీక్ష ఇలా నిబ్బరం పలకడం నన్ను ఎప్పుడూ కలవరపెట్టే విషయం. అంకె గురించి ఇంత గట్టిగా రాయడానికి మొదటి కారణం అదే.

రెండో కారణం చిన్న రక్తనాళాల జబ్బు. యాంజియోగ్రామ్‌లో కనిపించే పెద్ద ధమనులు తేటగా ఉన్నా, వాటి తరువాత కండరం లోపలికి పోయే సన్నని నాళాలు అవసరానికి విప్పారలేకపోతే ఛాతీ నొప్పీ ఆయాసమూ నిజంగానే వస్తాయి. ఇది కూడా గుండె అంతటా పరుచుకుని ఉండే జబ్బే కాబట్టి, పోలిక మీద ఆధారపడే బొమ్మకు చిక్కదు. ‘మీ గుండెలో ఏమీ లేదు, ఆందోళన వల్ల ఇలా ఉంది’ అన్న మాట విని ఇంటికి వెళ్లిన వారిలో, ముఖ్యంగా స్త్రీలలో, ఈ జబ్బు ఉన్నవారు కొందరు ఉంటారు. వారి బాధకు ఆధారం చూపగలిగేది అంకె.

ఈ ఆలోచనకు పునాది 1974 నాటిది. కె. లాన్స్ గౌల్డ్ కుక్కల గుండె ధమనులను కొద్దికొద్దిగా బిగిస్తూ రక్త ప్రవాహాన్ని కొలిచారు. ధమని వ్యాసం సుమారు 85 శాతం కుంచించుకుపోయేదాకా విశ్రాంతిలోని ప్రవాహం చెక్కుచెదరలేదు. నాళాలను మందుతో గరిష్ఠంగా విప్పారజేసినప్పటి ప్రవాహం మాత్రం 30 నుంచి 45 శాతం దగ్గరే తగ్గడం మొదలుపెట్టింది. అంటే గుండెకు ఒక మిగులు సామర్థ్యం ఉంటుంది. జబ్బు ముందుగా తినేసేది ఆ మిగులునే. శ్రమలోని ప్రవాహాన్ని విశ్రాంతిలోని ప్రవాహంతో భాగిస్తే వచ్చే ఆ మిగులు లెక్కనే ఈనాడు ఫ్లో రిజర్వ్ అని పిలుస్తున్నాం.

అంకె ఎలా పుడుతుంది

పెట్ యంత్రంలో రోగి పడుకుని ఉండగానే ట్రేసర్‌ను ఎక్కిస్తారు. ఎక్కించడం మొదలైన క్షణం నుంచే కెమెరా రికార్డు చేస్తుంది. ఆ మొదటి రెండు మూడు నిమిషాలను కొన్ని సెకన్ల ముక్కలుగా విడదీసి తెరమీద నడిపిస్తే, ట్రేసర్ ప్రయాణం స్పష్టంగా కనిపిస్తుంది. ముందు గుండె కుడివైపు గది వెలుగుతుంది, తరువాత రెండు ఊపిరితిత్తులూ మసకగా మెరుస్తాయి, ఆ వెంటనే ఎడమ గది లోపలి రక్తం నిప్పుకణికలా భగ్గుమంటుంది. అది చల్లారుతున్న కొద్దీ దాని చుట్టూ గుర్రపు నాడా ఆకారంలో కండరం మెల్లగా వెలుగు పుంజుకుంటుంది. ఎడమ గదిలోని రక్తంలో ట్రేసర్ ఎంత ఉంది, కండరం దానిలో ఎంత వేగంగా ఎంత తీసుకుంది అన్న రెండు గీతలను గణిత నమూనాలో పెడితే, గ్రాముకు నిమిషానికి ఇన్ని మిల్లీలీటర్లు అన్న అంకె వస్తుంది. పోల్చడానికి పక్క భాగం అక్కరలేదు. ఒక్కో భాగం తన అంకె తానే చెబుతుంది.

ఇందులోనే ఈ పద్ధతి బలహీనత కూడా ఉంది. ఎడమ గది గీత తప్పితే దాని మీద కట్టిన లెక్క అంతా తప్పుతుంది. నడకకు బదులు గుండెకు శ్రమ కలిగించడానికి ఇచ్చే మందు ప్రభావంతో రోగి దీర్ఘంగా శ్వాసించి, తరువాత నెమ్మదిస్తున్న కొద్దీ గుండె ఛాతీలో కొన్ని మిల్లీమీటర్లు పైకి జరుగుతుంది. దానిని ఫ్రేము ఫ్రేముకూ సరిదిద్దకపోతే ఒక ధమని పరిధిలోని ప్రవాహం ఉన్నదానికన్నా చాలా ఎక్కువగానో తక్కువగానో కనిపిస్తుంది. ట్రేసర్ ఒక్కసారిగా ఎక్కువ మోతాదులో వస్తే కెమెరా లెక్కించలేక కొంత జారవిడుస్తుంది. పెట్ బొమ్మనూ, దానిని సరిదిద్దడానికి తీసే సీటీ బొమ్మనూ ఒకదాని మీద ఒకటి కచ్చితంగా అమర్చకపోతే లేని లోపం పుట్టుకొస్తుంది. కాబట్టి ‘పెట్ ఉంది’ అన్న మాట ఒక్కటే ఎంపికకు చాలదు. ఆ కేంద్రంలో ఈ మూడింటినీ ప్రతి రోగికీ సరిచూసే అలవాటు ఉందా అన్నది చూడాలి. లేకపోతే బాగా చేసిన స్పెక్ట్ బొమ్మే, అజాగ్రత్తగా తీసిన పెట్ అంకె కన్నా నమ్మదగినదని నా అభిప్రాయం.

స్పెక్ట్ ఎవరికి చాలు

నడవగలిగి, ట్రెడ్‌మిల్ మీద తగినంత శ్రమపడగలిగి, ఒళ్లు మరీ భారీగా లేకుండా, అడ్డు ఒకటో రెండో ధమనులకు పరిమితమై ఉండవచ్చని అనుమానం ఉన్న రోగికి స్పెక్ట్ చక్కగా సరిపోతుంది. రోగి ఎన్ని నిమిషాలు నడిచాడు, ఎప్పుడు నొప్పి వచ్చింది, రక్తపోటు ఎలా మారింది, ఈసీజీలో మార్పు వచ్చిందా అన్నవి ట్రెడ్‌మిల్ ఇచ్చే విలువైన సమాచారం. పెట్‌లో రోగి యంత్రం కిందే పడుకుని ఉండాలి కాబట్టి శ్రమను సాధారణంగా మందుతోనే కలిగిస్తారు. నడక చెప్పే ఆ కబురు అక్కడ దొరకదు. పైగా స్పెక్ట్ కెమెరాలు చాలా చోట్ల ఉన్నాయి, టెక్నీషియానికి ఆరు గంటల అర్ధజీవిత కాలం (రేడియోధార్మికత సగానికి తగ్గే సమయం) ఉంది, సెస్టమిబి 1990 నుంచి వాడుకలో ఉండి వైద్యులకు చేతికి అలవాటైన మందు.

స్పెక్ట్‌కు తగని శరీరాలూ ఉన్నాయి. రొమ్ము కణజాలం ముందు గోడనూ, డయాఫ్రమ్ కింది గోడనూ కప్పి కిరణాలను కొంత మింగేయడం వల్ల, లేని లోపాలు ఉన్నట్లు కనిపిస్తాయి. సీటీతో సరిదిద్దే సౌకర్యం గానీ, బోర్లా పడుకోబెట్టి మరో బొమ్మ తీసే అలవాటు గానీ లేని చోట స్థూలకాయులకు స్పెక్ట్ రాయడమంటే, సందేహం తీర్చమని పంపి మరో సందేహం తెచ్చుకోవడమే. అలాంటివారికి అంకె అవసరం ఉన్నా లేకపోయినా, బొమ్మ నాణ్యత కోసమే పెట్ మేలు. స్పెక్ట్‌లోనే వాడే మరో ట్రేసర్ థాలియం 201 గురించి ఒక్క మాట చాలు: అర్ధజీవిత కాలం 73 గంటలు, కిరణాల శక్తి తక్కువ, రోగికి రేడియేషన్ ఎక్కువ. టెక్నీషియం మందులు దొరికే చోట మామూలు పరీక్షకు దానిని ఎంచుకోవలసిన అవసరం నాకు కనిపించదు.

ఇక అంకె తప్పనిసరి అనిపించే రోగులు ఎవరంటే, ఏళ్ల తరబడి మధుమేహం ఉండి అనేక ధమనులలో జబ్బు అనుమానించదగినవారు, మునుపే బైపాస్ లేదా పలు స్టెంట్లు పడి నొప్పి తిరగబెట్టినవారు, యాంజియోగ్రామ్ తేటగా ఉన్నా లక్షణాలు వదలనివారు, మూత్రపిండాల జబ్బు వల్ల అయోడిన్ రంగు ద్రవం ఎక్కించడానికి వెనుకాడవలసినవారు, గుండె మార్పిడి తరువాత కొత్త గుండె ధమనులలో అంతటా సమంగా పెరిగే పూడికను కనిపెట్టవలసినవారు. ఒక స్పెక్ట్ పరీక్షలో బొమ్మ సాధారణంగా వచ్చి, శ్రమ సమయంలో రక్తపోటు పడిపోయినా, ఎడమ గది శ్రమ తరువాత వెడల్పుగా కనిపించినా, ఆ ‘సాధారణం’ అన్న మాటను నమ్మి ఊరుకోకూడదు. అంకె కోసం వెళ్లవలసిన సందర్భం అది.

పెట్‌లో ఏ ట్రేసర్

ఇక్కడ ఎంపిక రోగి చేతిలో కన్నా కేంద్రం చేతిలో ఎక్కువగా ఉంటుంది. అయినా తేడాలు తెలిసి ఉండటం వల్ల నివేదికను సరైన దృష్టితో చదవగలుగుతాం.

రుబీడియం 82 అర్ధజీవిత కాలం సుమారు 76 సెకన్లు. దీనికి సైక్లోట్రాన్ (రేడియోధార్మిక పదార్థాలను తయారుచేసే పెద్ద యంత్రం) అక్కరలేదు. స్ట్రాన్షియం 82 నింపి, దాని నుంచి పుట్టే రుబీడియంను తీసుకునే జనరేటర్ ఒక బండి మీద యంత్రం పక్కనే ఉంటుంది, దాని గొట్టం నేరుగా రోగి సిరకు కలుపుతారు. విశ్రాంతి, శ్రమ బొమ్మలు రెండూ అరగంట, ముప్పావు గంటలో ముగుస్తాయి. అమెరికాలో 1989 నుంచి దీనికి అనుమతి ఉంది. రోజుకు చాలామంది రోగులు వచ్చే కేంద్రానికి ఇంతకన్నా అనువైనది లేదు, ఎందుకంటే స్ట్రాన్షియం సగం అయ్యేది సుమారు 25 రోజులలో. రోగులు వచ్చినా రాకపోయినా జనరేటర్‌ను కొన్ని వారాలకొకసారి మార్చవలసిందే. స్ట్రాన్షియం పొరపాటున రోగికి చేరకుండా ప్రతిరోజూ మొదటి రోగికి ముందే పరీక్షించాలి. ఈ క్రమశిక్షణలో రాజీకి తావు లేదు. ఇక లోపాల విషయానికి వస్తే, రుబీడియం వదిలే పాజిట్రాన్ అనే కణం ఎక్కువ శక్తితో కొన్ని మిల్లీమీటర్లు ప్రయాణించాక గానీ సంకేతం ఇవ్వదు కాబట్టి బొమ్మ అంచులు కాస్త మెత్తబడతాయి. అంతకన్నా ముఖ్యమైనది, రక్తం వేగం పెరిగే కొద్దీ కండరం దీనిని పట్టుకునే వంతు తగ్గుతుంది: విశ్రాంతిలో సుమారు 65 శాతం పట్టుకుంటే, గరిష్ఠ ప్రవాహంలో సగం కూడా పట్టుకోదు. నమూనా దానిని సరిదిద్దుతుంది గానీ, ఆ సవరణలో కొలతలోని చిన్న తప్పులు కూడా పెరుగుతాయి.

అమోనియా రూపంలో వాడే నైట్రోజన్ 13 అర్ధజీవిత కాలం దాదాపు పది నిమిషాలు. కండరం దీనిని సుమారు 80 శాతం పట్టుకుంటుంది, పాజిట్రాన్ తక్కువ దూరమే పోతుంది, బొమ్మలు స్ఫుటంగా వస్తాయి. నా వరకు అంకెకూ బొమ్మకూ రెంటికీ కలిపి చూస్తే, సమతూకం దీనిలోనే ఎక్కువ. అయితే పది నిమిషాలలో సగం అయిపోయే సరుకును దూరం నుంచి తేలేము. ఆవరణలోనే సైక్లోట్రాన్ ఉండాలి. విశ్రాంతి, శ్రమ సూదుల మధ్య మొదటి దాని అవశేషం పోవడానికి సుమారు 50 నిమిషాలు ఆగాలి. ఆరోగ్యవంతులలో కూడా కొందరికి పక్క గోడలో ఇది కొద్దిగా తక్కువగా చేరుతుంది. ఈ సంగతి తెలియకుండా బొమ్మ చదివే వైద్యుడు దానిని జబ్బుగా పొరబడే అవకాశం ఉంది. పొగతాగేవారిలోనూ, గుండె వైఫల్యం ఉన్నవారిలోనూ ఊపిరితిత్తులు దీనిని పట్టి ఉంచి బొమ్మను మసకబార్చవచ్చు.

రేడియోధార్మిక ఆక్సిజన్ 15తో చేసిన నీరు లెక్కకు ప్రామాణికమైనది. నీరు కదా, ప్రవాహం ఎంత వేగంగా ఉన్నా పొరలు దాటి కండరంలోకి స్వేచ్ఛగా పోతుంది. సవరణ అనే గొడవే లేదు. అర్ధజీవిత కాలం రెండు నిమిషాలు. ఫిన్లాండ్‌లోని టుర్కులో, నెదర్లాండ్స్‌లోని ఆమ్‌స్టర్‌డామ్‌లో దీనితో చాలాకాలంగా పని చేస్తున్నారు. ఆమ్‌స్టర్‌డామ్‌లో జరిగి 2017లో వెలువడిన పసిఫిక్ అధ్యయనంలో, ధమని లోపల పీడనం కొలిచి తేల్చిన ఫలితాన్ని ప్రమాణంగా పెట్టుకుని మూడు పరీక్షలను 208 మంది రోగులలో పోల్చారు. సరైన జవాబు పెట్ 85 శాతం, స్పెక్ట్ 77 శాతం, సీటీ యాంజియోగ్రామ్ 74 శాతం సందర్భాలలో ఇచ్చాయి. ఆ పెట్ అంతా ఆక్సిజన్ నీటితో చేసినది. అయితే నీరు కండరంలో నిలవదు, వచ్చి వెళ్లిపోతుంది. కనుక అలవాటైన బొమ్మ ఉండదు, లెక్కలోంచి గీసిన పటం మాత్రమే ఉంటుంది. బొమ్మ చూసి నిర్ణయించే అలవాటు ఉన్న వైద్యబృందానికి ఇది కొంతకాలం కష్టంగానే ఉంటుంది.

ఫ్లోరిన్ 18 జతచేసిన ఫ్లుర్పిరిడాజ్‌కు అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2024 సెప్టెంబరులో అనుమతి ఇచ్చింది. అర్ధజీవిత కాలం 110 నిమిషాలు. ఎక్కడో ఉన్న సైక్లోట్రాన్‌లో తయారుచేసి, ఒక్కో రోగికి ఒక్కో మోతాదుగా తెప్పించుకోవచ్చు. కండరం దీనిని పట్టుకునే వంతు ప్రయోగాలలో 90 శాతం దాటింది, పాజిట్రాన్ దూరం అన్నిటికన్నా తక్కువ. జనరేటర్‌కు తగినంతమంది రోగులు లేక, సొంత సైక్లోట్రాన్ పెట్టుకోలేక ఇన్నాళ్లు స్పెక్ట్‌తోనే ఉండిపోయిన మధ్యస్థాయి కేంద్రాలకు ఇది తలుపు తెరిచింది. ట్రెడ్‌మిల్ మీద నడిపించి, అక్కడే సూది వేసి, తరువాత పెట్ బొమ్మ తీయడం కూడా దీనితో వీలవుతుంది. ఒక జాగ్రత్త ఉంది: అలా నడిపించి తీస్తే మొదటి నిమిషాల రికార్డు ఉండదు, కాబట్టి బొమ్మ వస్తుందే తప్ప ప్రవాహం అంకె రాదు. అంకె కావాలనుకున్నప్పుడు మందుతోనే శ్రమ కలిగించాలి. ఈ తేడా తెలియక, ఫ్లుర్పిరిడాజ్ వాడారు గనుక ఫ్లో రిజర్వ్ కూడా వచ్చి ఉంటుందని అనుకోకూడదు.

వీటికి మధ్యేమార్గంగా, సీజెడ్‌టీ (కాడ్మియం జింక్ టెల్యూరైడ్) స్ఫటికాలతో చేసిన కొత్తరకం స్పెక్ట్ కెమెరాలు గుండె చుట్టూ తిరగకుండానే మొదటి నిమిషాలను రికార్డు చేయగలవు. వాటితో సెస్టమిబి వాడి కూడా ప్రవాహాన్ని లెక్కగట్టవచ్చు. పెట్ అందుబాటులో లేని చోట అన్ని భాగాలలోనూ సమంగా పడిపోయిన ప్రవాహాన్ని అనుమానించడానికి ఇది సాయపడుతుంది. కానీ ప్రవాహం ఎక్కువయ్యే కొద్దీ కండరంలో సెస్టమిబి చేరిక దానితో సమానంగా పెరగదు కనుక, ఆ అంకెలను హెచ్చరికగా తీసుకోవాలే తప్ప చికిత్సను వాటి మీదే నిలబెట్టకూడదు.

శ్రమ కలిగించే మందు

ఇవి నాళాలను విప్పే మందులు. అడినోసిన్‌ను కిలో బరువుకు నిమిషానికి 140 మైక్రోగ్రాముల చొప్పున కొన్ని నిమిషాలు ఎక్కిస్తారు. రెగాడెనోసన్‌ను బరువుతో పనిలేకుండా 0.4 మిల్లీగ్రాములు ఒక్కసారే ఇస్తారు. డైపిరిడమోల్ నిదానమైనది, ప్రభావం ఎక్కువసేపు ఉంటుంది. ఉబ్బసం ఉన్నవారికి అడినోసిన్, డైపిరిడమోల్ ఊపిరి బిగబట్టేలా చేయవచ్చు. వారికి జాగ్రత్తతో రెగాడెనోసన్, పిల్లికూతలు వినిపిస్తున్న రోజున అయితే గుండె వేగాన్ని పెంచే డోబుటమిన్ గానీ వాయిదా గానీ మేలు. పేస్‌మేకర్ లేకుండా గుండె విద్యుత్ ప్రసారంలో పెద్ద అంతరాయం ఉన్నవారికీ ఈ నాళాలు విప్పే మందులు తగవు.

కాఫీ, టీ, కోలా, చాక్లెట్, కెఫీన్ కలిసిన తలనొప్పి మాత్రలు కనీసం 12 గంటల ముందు నుంచి మానాలి. చాలా కేంద్రాలు 24 గంటలు అడుగుతాయి, నేనూ ఆ పక్షమే. బొమ్మ పరీక్షలో ఒక కప్పు కాఫీ వల్ల సున్నితత్వం కొంత తగ్గుతుంది. అంకె పరీక్షలో మాత్రం అది ఏకంగా తప్పుడు జబ్బును సృష్టిస్తుంది. కెఫీన్ నాళాలను విప్పారనివ్వదు, ప్రవాహం మూడు ధమనుల పరిధిలోనూ సమంగా తక్కువ వస్తుంది, అది అచ్చం మూడు ధమనుల జబ్బులాగే ఉంటుంది. అందుకే బొమ్మలు చదవడంలో అనుభవం ఉన్న వైద్యులు బొమ్మ అంచున ఉన్న ప్లీహాన్ని కూడా చూస్తారు. అడినోసిన్ బాగా పనిచేస్తే శ్రమ బొమ్మలో ప్లీహం వెలుగు తగ్గుతుంది. విశ్రాంతిలో ఉన్నంతే వెలుగుతూ ఉంటే, గుండె అంకెను నమ్మేముందు రోగి నిన్న సాయంత్రం ఏమి తాగాడో మళ్లీ అడగాలి.

నివేదికలోని అంకెలను చదవడం

ఆరోగ్యవంతులలో విశ్రాంతి ప్రవాహం గ్రాముకు నిమిషానికి సుమారు 0.6 నుంచి 1.2 మిల్లీలీటర్ల మధ్య ఉంటుంది, మందుతో రెండు దాటి, తరచూ మూడుకు కూడా చేరుతుంది. అమెరికా న్యూక్లియర్ కార్డియాలజీ, న్యూక్లియర్ మెడిసిన్ సంఘాలు 2018లో కలిసి ఇచ్చిన ప్రకటన ప్రకారం, శ్రమ ప్రవాహమూ ఫ్లో రిజర్వూ రెండూ 2 దాటి ఉంటే ప్రమాదకరమైన ధమని జబ్బు ఉండే అవకాశం చాలా తక్కువ. ఫ్లో రిజర్వ్ 1.5 లోపు ఉంటే దానిని అధిక ప్రమాద సూచికగా తీసుకోవాలి. మధ్యలో ఉన్నవారి విషయంలో లక్షణాలు, వయసు, మిగతా పరీక్షలు కలిపి తూచాలి.

మూడు ఉదాహరణలు ఊహించుకుందాం. మొదటి రోగికి విశ్రాంతిలో 0.9, శ్రమలో మూడు ధమనుల పరిధిలోనూ 1.1 వచ్చింది. ఫ్లో రిజర్వ్ 1.2. బొమ్మ నున్నగా, లోపం లేకుండా ఉంటుంది. మందు పనిచేసిందనీ, గుండె స్థానం మారడం వల్ల వచ్చిన దోషం లేదనీ తేలితే, ఈ రోగిని ఇంటికి పంపకుండా యాంజియోగ్రామ్ గురించి వెంటనే మాట్లాడాలి. పెద్ద ధమనులలో ఏమీ లేకపోతే చిన్న నాళాల జబ్బుకు వైద్యం మొదలుపెట్టాలి.

రెండో రోగికి విశ్రాంతిలో 1.5, శ్రమలో 2.7 వచ్చి, ఫ్లో రిజర్వ్ 1.8గా నమోదైంది. భయపడేముందు విశ్రాంతిలో ఆమె రక్తపోటు 170, నాడి 90 అన్న వరుస చూడాలి. గుండె ఎక్కువ పని చేస్తుంటే విశ్రాంతిలోనే ఎక్కువ రక్తం అడుగుతుంది, అప్పుడు భాగహారంలో కింది అంకె పెరిగి ఫలితం తగ్గుతుంది. రెండింటి లబ్ధం 15,300. దానిని ప్రమాణంగా తీసుకునే 10,000కు సరిచేస్తే విశ్రాంతి ప్రవాహం 0.98 అవుతుంది, ఫ్లో రిజర్వ్ 2.7 దాటుతుంది. శ్రమ ప్రవాహం 2.7 ఉన్నప్పుడే పెద్ద ధమనులు చాలావరకు బాగున్నాయని అది చెప్పకనే చెప్పింది.

మూడో రోగికి ముందు గోడలో విశ్రాంతిలో 0.3, శ్రమలో 0.6. ఫ్లో రిజర్వ్ 2.0 అని చక్కగా కనిపిస్తుంది. కానీ అది పాత గుండెపోటు మచ్చ. రెట్టింపు అయినది చాలా తక్కువలోనే. అందుకే నిష్పత్తి ఒక్కటే రాసి, దాని వెనుక ఉన్న రెండు అంకెలూ రాయని నివేదికను వెనక్కి పంపి, పూర్తిగా రాసి ఇమ్మని అడగడం వైద్యుడి హక్కు మాత్రమే కాదు, రోగి పట్ల బాధ్యత కూడా.

రేడియేషన్, ఇతర మార్గాలు

రుబీడియంతో గానీ అమోనియాతో గానీ రెండు దశల పరీక్షకు సుమారు 2 నుంచి 4 మిల్లీసీవర్ట్‌ల (రేడియేషన్ కొలిచే ప్రమాణం) రేడియేషన్ పడుతుంది. మామూలు కెమెరా మీద టెక్నీషియంతో ఒకేరోజు చేసే స్పెక్ట్‌కు 10 దగ్గర. భూమి మీద సగటు మనిషికి ప్రకృతి నుంచే ఏడాదికి 2.4 వస్తుంది. ఫ్లుర్పిరిడాజ్ మోతాదు రుబీడియం, అమోనియాలకూ స్పెక్ట్‌కూ మధ్యన ఉంటుంది. స్పెక్ట్‌లో కూడా శ్రమ బొమ్మను ముందుగా తీసి, అది నిక్కచ్చిగా సాధారణంగా ఉంటే విశ్రాంతి బొమ్మను మానేయవచ్చు. మోతాదూ సమయమూ రెండూ కలిసివస్తాయి.

ఎంఆర్‌ఐతోనూ గుండె ప్రవాహాన్ని రేడియేషన్ లేకుండా కొలవవచ్చు. యువతులకు, మళ్లీమళ్లీ పరీక్ష అవసరమయ్యేవారికి అది మంచి దారి, కొన్నిరకాల పేస్‌మేకర్లు ఉన్నవారికీ ఇరుకు గొట్టంలో ఉండలేనివారికీ కాదు. ధమనులలో పూడిక అసలు ఉందా లేదా అన్నదే ప్రశ్న అయి, వయసు తక్కువై, అనుమానం స్వల్పంగా ఉంటే సీటీ యాంజియోగ్రామ్ ముందు రావాలి. పెట్‌తో పాటు తీసే తక్కువ మోతాదు సీటీలో ధమనుల గోడల సున్నం కూడా కనిపిస్తుంది. ప్రవాహం బాగున్నా సున్నం ఎక్కువగా ఉంటే కొలెస్ట్రాల్ మందు విషయంలో నిర్లక్ష్యం పనికిరాదు. ఈ సంగతి నివేదికలో రాయని కేంద్రాలు ఉన్నాయి కాబట్టి అడిగి రాయించుకోవాలి.

వైద్యం మొదలయ్యాక ఆరు నెలలకో ఏడాదికో ప్రవాహం మెరుగుపడిందేమో చూడవలసి వచ్చినప్పుడు, వీలైనంతవరకు మునుపటి కేంద్రానికే, మునుపటి ట్రేసర్‌కే, మునుపటి మందుకే, లెక్కకట్టిన మునుపటి సాఫ్ట్‌వేర్‌కే వెళ్లాలి. రుబీడియంతో ఒక చోట వచ్చిన 1.7నూ, అమోనియాతో మరో చోట వచ్చిన 2.0నూ పక్కపక్కన పెట్టి గుండె బాగుపడిందని చెప్పలేము. మొదటి నివేదికతో పాటు ట్రేసర్ పేరు, మందు మోతాదు, అప్పటి రక్తపోటూ నాడీ, విశ్రాంతి శ్రమ ప్రవాహాల అంకెలు ఉన్న కాగితాన్ని ఫైలులో భద్రపరచి, తరువాతి పరీక్షకు వెళ్లే రోజు వెంట తీసుకువెళ్లాలి.